సీఏ ఫైనల్ గ్రూప్ 1, పదహారు నెలల పాప, సగం పూట ఆఫీసు: జనవరికి కట్టాలా, మే దాకా ఆగాలా?

కావలి_కోడలు

అందరికీ నమస్తే. మాది కావలి. సెప్టెంబర్‌లో సీఏ ఫైనల్ గ్రూప్ 1 రాశాను, రిజల్ట్ వచ్చింది. ఏఎఫ్ఎం (అడ్వాన్స్‌డ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్)లో 63, ఆడిట్‌లో 44, ఎఫ్ఆర్ (ఫైనాన్షియల్ రిపోర్టింగ్)లో 38. మొత్తం 145. ఎఫ్ఆర్‌లో రెండు మార్కులు తగ్గాయి, టోటల్‌లో అయిదు తగ్గాయి, గ్రూప్ పోయింది.

పాపకి పదహారు నెలలు. మా ఆయనది రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం, అల్లూరు, ఇస్కపల్లి వైపు గుంటల మీద తిరుగుతుంటారు, పొద్దున పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. అత్తమ్మ మంచిదే కానీ మోకాళ్ళ నొప్పులు, పాప వెనక పరిగెత్తలేదు. నేను మధ్యాహ్నం దాకా ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తా. ఇంటికొచ్చి పాపకి అన్నం పెట్టి పడుకోబెడితే గంటన్నర నిద్రపోతుంది. ఆ టైంలో ఎఫ్ఆర్‌లో కన్సాలిడేషన్ లెక్క, అదే అనుబంధ కంపెనీల ఖాతాలు కలిపే పెద్ద లెక్క, మొదలుపెడితే గుడ్‌విల్ దాకా వచ్చేసరికి లేస్తుంది. రాత్రి మళ్ళీ ఆ లెక్క తీస్తే ఎక్కడ ఆపానో, ఏ అడ్జస్ట్‌మెంట్ చేశానో ఏమీ గుర్తుండదు, మొదటి లైను నుంచి చదువుకోవాలి. చదివే గంటలు తక్కువని కాదు నా బాధ, ఒక్కటీ గంటలాగా మిగలడం లేదు.

జనవరికి గ్రూప్ 1 ఒక్కటే కట్టాలా, మే దాకా ఆగి రెండు గ్రూపులూ కలిపి రాయాలా? పిల్లలున్నవాళ్ళు ఎట్టా చదివారో చెప్పండి. ఇంకో సంగతి, మా వీధిలో ఒకావిడ మొన్న నా ఎదురుగానే అత్తమ్మతో, "బిడ్డ అంతుంటే చదువేంది తల్లీ, పెద్దదయ్యాక చదవొచ్చుగా" అంది. అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. అప్పటి నుంచి పుస్తకం తీస్తుంటే అదే మాట చెవిలో పడతా ఉంది.

ఫైనల్_పోరు

అక్కా, నేను ఒంగోలు. మేకి రెండు గ్రూపులూ రాయండి. రెండూ కలిపి రాస్తే ప్రతి పేపర్‌లో 40 తెచ్చుకుని ఆరు పేపర్లకీ కలిపి 300 వస్తే చాలు. ఒక గ్రూప్‌లో 150కి తగ్గినా ఇంకో గ్రూప్‌లో ఎక్కువొచ్చిన మార్కులు కాపాడతాయి. ఒక్కో గ్రూప్ రాస్తే ఆ సెటాఫ్ పోతుంది. కానీ ఫైనల్‌కి రోజుకి పది గంటలు పడాలి, అందుకని ముందు ఆఫీసు మానేయండి. సూటిగా చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు.

పాత_ఆడిటర్_నెల్లూరు

అమ్మాయి, కాగితం తీసి ఒక్క నిమిషం లెక్క వేసుకో. ఏఎఫ్ఎంలో 63 వచ్చింది కాబట్టి ఆ పేపర్‌కి ఎగ్జెంప్షన్ ఉంది, మళ్ళీ రాయక్కర్లేదు. ఆ మార్కులు నీ టోటల్‌లో కలుస్తాయి. గ్రూప్‌కి 150 కావాలి, 63 పోను 87. అంటే ఎఫ్ఆర్, ఆడిట్ రెండిట్లో కలిపి 87, ఒక్కోదానిలో 40కి తగ్గకుండా. ఒకదానిలో 45, ఇంకోదానిలో 42 వచ్చినా గ్రూప్ అయిపోతుంది. పోయినసారి ఈ రెండిట్లో నీకు 82 వచ్చాయి. నువ్వు గట్టుకి ఎంత దగ్గరలో ఉన్నావో చూడు.

రెండోది, ఆ ఎగ్జెంప్షన్ వచ్చే మూడు పరీక్షలకే. మనం రాసినా రాయకపోయినా పరీక్ష జరిగితే ఒకటి ఖర్చయినట్టే. ఫైనల్ ఏడాదికి రెండుసార్లు ఉన్న రోజుల్లో మూడు అటెంప్ట్‌లంటే ఏడాదిన్నర చేతిలో ఉండేది. 2025లో ఇన్‌స్టిట్యూట్ ఫైనల్‌ని కూడా జనవరి, మే, సెప్టెంబర్‌లకి మార్చింది, కాబట్టి ఇప్పుడు అదే మూడు అటెంప్ట్‌లు ఏడాదిలో అయిపోతాయి. ఆ తర్వాత పర్మనెంట్ ఎగ్జెంప్షన్ అడగొచ్చు గానీ అప్పుడు మిగిలిన పేపర్లలో ఒక్కోదానిలో 50 తెచ్చుకోవాలి, 40 సరిపోదు. నీలాంటివాళ్ళకి ఆ పది మార్కుల తేడా చాలా పెద్దది.

మూడోది ఆఫీసు క్యాలెండర్, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్ వచ్చిందంటే బ్యాంకు బ్రాంచి ఆడిట్లు. ఏ ఆడిటర్ ఆఫీసులోనూ అప్పుడు స్టాఫ్‌కి సెలవు దొరకదు, మే పరీక్షకి సరిగ్గా నెల ముందు. సెప్టెంబర్ పరీక్ష అయితే 30వ తేదీ ట్యాక్స్ ఆడిట్ గడువు నెత్తిమీద ఉంటుంది. అక్టోబర్ 31 రిటర్నులు అయిపోయాక నవంబర్, డిసెంబర్ కాస్త ఊపిరి పీల్చుకునే నెలలు, డిసెంబర్ చివర జీఎస్టీ యాన్యువల్ రిటర్నులు తప్ప. మీ ఆడిటర్ గారిని ఇప్పుడే సెలవు అడుగు, డిసెంబర్ 20 దాటాక అడిగితే ఆయనా ఇవ్వలేడు. జనవరికి గ్రూప్ 1 ఒక్కటే కట్టు. ఒంగోలు అబ్బాయి చెప్పిన సెటాఫ్ నిజమే, కానీ పాపతో ఆరు పేపర్ల బరువు వేసుకుని చేతిలో ఉన్న 63ని పణంగా పెట్టాల్సిన అవసరం లేదు.

మాగుంట_లేఅవుట్_అమ్మ

సార్ చెప్పిన లెక్కకి నూటికి నూరుపాళ్ళు సరే అంటాను. నేను బాబుకి ఏడాది దాటాక ఫైనల్ పూర్తిచేశాను, కాబట్టి ఇంటి వైపు సంగతి నేను చెప్తా.

కోడలమ్మా, మీరు రాసినదాంట్లో "ఒక్కటీ గంటలాగా మిగలడం లేదు" అన్నారు చూడండి, అసలు సమస్య అదే. పది గంటలు, పన్నెండు గంటలు అనేవాళ్ళ మాట వదిలేయండి. పాప నిద్రపోయే టైం ఎఫ్ఆర్‌కి పనికిరాదు. ఆ టైం పాపది, ఎప్పుడు లేస్తుందో మన చేతిలో లేదు. లేస్తుందేమోనని ఒక చెవి ఉయ్యాల దగ్గరే ఉంటుంది, చెయ్యి మాత్రం రాస్తుంటుంది. అట్టాంటి టైంలో ఆడిట్ చదవండి. ఎస్ఏలు, అంటే ఆడిట్ ప్రమాణాలు, ఎస్ఏ 570 గోయింగ్ కన్సర్న్, ఎస్ఏ 560 సబ్సీక్వెంట్ ఈవెంట్స్, ఎథిక్స్‌లో సీఏ చట్టం రెండు షెడ్యూళ్ళ క్లాజులు, ఇవన్నీ ముక్కలుగా చదివినా నిలుస్తాయి. మధ్యలో లేచినా ఒక క్లాజు అయిపోయి ఉంటుంది. నేను క్లాజులన్నీ నా గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసుకుని, కూర పోపు పెట్టేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు వినేదాన్ని. వేరేవాళ్ళ లెక్చర్ కన్నా మన గొంతు తొందరగా ఎక్కుతుంది, ఎందుకో తెలియదు గానీ నాకు అట్టాగే జరిగింది.

ఎఫ్ఆర్‌కి మాత్రం పాప బాధ్యత పూర్తిగా ఇంకొకరి మీద ఉండే రెండు గంటలు కావాలి. ఇక్కడ చాలా ఇళ్ళలో తేడా వస్తుంది. "కాసేపు చూస్తూ ఉండండి" అని చెప్పి పక్క గదిలో కూచుంటే, పాప ఏడ్చిన ప్రతిసారీ తలుపు తెరుచుకుంటుంది. డైపర్ ఎక్కడ, పాలు వేడి చేయాలా, చొక్కా తడిసింది ఏది వేయను. మా ఆయన మంచి మనిషి, కానీ మొదటి వారం ఆ రెండు గంటల్లో తలుపు కొట్టడమే సరిపోయింది. అప్పుడు ఇట్టా మాట్లాడుకున్నాం: తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా బాబు ఆయన వాడు. లేపడం, ముఖం కడగడం, పాలు, మేడ మీద తిప్పడం అన్నీ ఆయనే. చొక్కా తిరగేసి తొడిగినా నేను నోరెత్తను. నేను నోరెత్తకపోవడం ఆయన తలుపు కొట్టకపోవడం కన్నా కష్టం, నిజం చెప్తున్నా. కానీ రెండు వారాలకి బాబు నిద్రలేవగానే ఆయన వైపు చేతులు చాచడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నేను ఒక కన్సాలిడేషన్ లెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకే కూర్చోవడంలో చేయగలిగాను.

మీ వారు పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు?

చీమకుర్తి_అకౌంట్స్

నాది సీఏ కాదు, సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) ఇంటర్. గ్రానైట్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తా. బాబు ఒకటో తరగతి, మా ఇంటావిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. మగవాడిని కాబట్టి నాకు సులువని అనుకుంటారేమో, వాడి హోంవర్కు, స్కూలు బస్సు నావే. పెద్ద పిల్లలున్నవాళ్ళకి ఒక్క మాట: వాడి హోంవర్కు టైంలోనే నేనూ రాసుకుంటా. వాడు ఎక్కాలు, నేను స్టాండర్డ్ కాస్టింగ్. పాత వోచర్ల కట్ట ఒకటి వాడికిచ్చా, వెనకవైపు "ఆఫీసు పని" చేసుకుంటాడు, స్టాంపు కూడా వేస్తాడు. నలభై నిమిషాలు కదలడు. పదహారు నెలల పాపతో ఇది కుదరదని తెలుసు, చిన్నపిల్లలతో కుస్తీ పడుతున్నవాళ్ళకి ముందుముందు సులువవుతుందని చెప్పడానికి రాశా.

ఫైనల్_పోరు

సరే, సార్ లెక్క చూశాక గ్రూప్ 1 ఒక్కటే రాయడం కరెక్టని నాకూ అనిపిస్తోంది. అయితే ఇంకో మాట. చివరి నెలన్నర పాపని మీ అమ్మగారింట్లో వదిలిపెట్టొచ్చుగా? మా ఆర్టికల్‌షిప్‌లో సీనియర్ ఒకామె అట్టాగే చేసింది.

కందుకూరు_ఆడపడుచు

నేను చేశాను. పాపని రెండేళ్ళప్పుడు చివరి నెల కందుకూరులో మా అమ్మ దగ్గర పెట్టి ఒంగోలులో ఉండి చదివాను. ఆదివారం పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేసేదాన్ని. పాప బాగానే ఉంది, మా పిన్ని పిల్లలతో ఆడుకుంది, వచ్చేటప్పుడు ఏడ్చేది కాదు. దీన్ని ఎవరూ పాపమనడానికి లేదు. మన అమ్మమ్మల కాలంలో కాన్పుకి పుట్టింటికి పోతే పెద్దపిల్లలు నెలల తరబడి అమ్మమ్మల దగ్గరే పెరిగారు. చదువు కోసం అనేసరికే అందరికీ నోళ్ళు లేస్తాయి.

మాగుంట_లేఅవుట్_అమ్మ

మీకు కుదిరినందుకు సంతోషం. కానీ అందరికీ ఇదే చెప్పొద్దు. రెండేళ్ళ పాపకి "అమ్మ ఆదివారం వస్తుంది" అంటే ఎంతో కొంత అర్థమవుతుంది, పదహారు నెలల పాపకి కాదు. తల్లిపాలు ఇంకా తాగుతుంటే తల్లికీ ఇబ్బందే. పైగా నా స్నేహితురాలు ఒకామె అట్టా పంపి, రోజుకి నాలుగుసార్లు వీడియో కాల్ చేసి, కాల్ పెట్టేశాక అరగంట ఏడ్చి, పది రోజులకే వెళ్ళి తెచ్చుకుంది. మనసు పాప దగ్గర ఉంటే ఖాళీ ఇల్లు చదువుకి పనికిరాదు. పాపని పంపడం కన్నా అమ్మగారినే ఆ నెల రప్పించుకోగలిగితే మేలు.

కందుకూరు_ఆడపడుచు

అమ్మ రాగలిగితే నేనూ అదే చేసేదాన్ని. మా నాన్నకి పక్షవాతం, అమ్మ ఇల్లు కదల్లేదు. ఎవరింటి పరిస్థితి వాళ్ళది. కోడలమ్మ పాప వయసుకి మీరు చెప్పిందే సరి, ఒప్పుకుంటా.

వేదాయపాళెం_అత్తమ్మ

నేను పరీక్షలు రాసేదాన్ని కాదు, మా కోడలు రాసింది. ఆ అమ్మాయే ఈ చర్చ చూపించింది. వీధిలో ఆవిడ మాట చదివి ఊరుకోలేక రాస్తన్నా.

తల్లీ, మీ అత్తమ్మ ఏమీ మాట్లాడలేదంటే ఆమె కూడా అట్టాగే అనుకుంటుందని అనుకోబాక. మా తరంవాళ్ళకి ఎదుటి మనిషి మొహం మీద కాదనడం రాదు. నువ్వే ఆమె దగ్గర కూచుని విడమరిచి చెప్పు. ఏం పరీక్ష, ఎన్ని పేపర్లు, ఎన్ని మార్కులు తక్కువైనాయి, ఎన్ని నెలలు ఈ కష్టం అని. మా కోడలు చాన్నాళ్ళు "చదువుకోవాలత్తమ్మా" అనేది అంతే. అది ఎన్నాళ్ళో, ఎంతసేపో నాకు తెలియదు. తెలియనప్పుడు మనిషికి విసుగొస్తుంది, అడ్డూ అదుపూ లేని పని మీద పడినట్టుంటుంది. ఒకరోజు క్యాలెండర్ తెచ్చి, పరీక్షల తేదీల చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, "అత్తమ్మా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, ఈ తేదీ దాకా, ఆ తర్వాత నేనే చూసుకుంటా" అని చెప్పింది. అప్పుడు నాకూ పౌరుషమొచ్చింది. ఆ రెండు గంటలూ మనవడిని తీసుకుని గుమ్మం బయటికి పోయేదాన్ని, ఇంట్లో ఉంటే వాడు అమ్మ గది తలుపు గీకుతాడని.

నీ అత్తమ్మకి మోకాళ్ళు బాగలేవు కాబట్టి పరిగెత్తే పని చెప్పబాక. కూచుని చేసేవి చెప్పు. అన్నం తినిపించడం, నూనె రాయడం, కథ చెప్పి నిద్రపుచ్చడం. పాప నడిచే వయసు కదా, ఇంకొకరు తోడుండాలి. పక్కింట్లో ఇంటర్ చదివే ఆడపిల్ల ఉంటే సాయంత్రం గంటసేపు ఆడించమని, నెలకి ఇంత అని మర్యాదగా ఇవ్వండి. ఊరికే చేయించుకోబాకండి, ఊరికే చేసేవాళ్ళు నాలుగో రోజు రారు.

ఇంకా నీ మొగుడికి చెప్పు, రాత్రి పాప లేస్తే ఆయనే లేవాలి. పగలు గుంటల మీద ఎండలో తిరిగొస్తాడు, కాదనను. మా అబ్బాయీ తిరిగే ఉద్యోగమే. పగలు నేను, రాత్రి నువ్వు అని వాడికి నేనే చెప్పాను. ఇది కోడలు చెప్తే ఒక రకంగా ఉంటుంది, తల్లి చెప్తే ఇంకో రకంగా వింటాడు.

రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గాకి పోయి కోడలు పాసవ్వాలని మొక్కుకుని చదువు రొట్టె పట్టుకున్నా. పాసయినాక మరుసటి ఏడు ఆ పిల్లా నేనూ కలిసి చెరువులో దిగి రొట్టె ఇచ్చొచ్చాం. వచ్చే పండక్కి నువ్వు రా తల్లీ, నా చేతి రొట్టే నీకిస్తా.

కావలి_కోడలు

అత్తమ్మా, మీ మాటలు మా అత్తమ్మకి చదివి వినిపించాను. ఆమె వినేసి, "ఆ రోజు ఆవిడకి చెప్పాల్సింది, నా కోడలు ఆడిటరవుతుందని" అంది. అంతకు మించి నేను రాయలేను.

పాత ఆడిటర్ సార్‌కి వేల నమస్కారాలు. 87 అనే అంకె కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించాను. ఇన్నాళ్ళూ 38 ఒక్కటే కనబడేది.

మా ఆయనతో కూచుని మాట్లాడాను. ఆయన ఆరింటికి బయల్దేరాలి, కాబట్టి తెల్లవారుజామున రెండు గంటలు కుదరదు. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పాప ఆయనది అనుకున్నాం. రాత్రి లేచినా ఆయనే. ఆదివారం పొద్దున నాలుగు గంటలు కూడా, ఆదివారమే టైం పెట్టుకుని పూర్తి పేపర్ రాయాలి కదా. అమ్మ పొదిలి నుంచి డిసెంబర్ మధ్యలో వస్తానంది. ఆడిటర్ గారు 20 నుంచి సెలవిచ్చారు, జీఎస్టీ యాన్యువల్ రిటర్నులు నా వంతు ముందే పూర్తి చేస్తానంటే. ఫారం కట్టేశాను, జనవరి, గ్రూప్ 1.

రెండు చిన్న సందేహాలు. పాపకి డీపీటీ బూస్టర్ వేయించాలి, జ్వరం వస్తుందని భయం. ఇంకా పాలు పూర్తిగా మానలేదు, పరీక్షరోజు నెల్లూరు సెంటర్‌కి తీసుకెళ్ళాలా?

మాగుంట_లేఅవుట్_అమ్మ

బూస్టర్ 16 నుంచి 24 నెలల మధ్య. మీకు పదహారు వచ్చాయి కాబట్టి ఇప్పుడే, ఈ నెలలోనే వేయించేయండి. జ్వరం వచ్చినా ఒకట్రెండు రోజులు, పరీక్షలకి చాలా ముందే అయిపోతుంది. ఏఎన్ఎమ్‌ని అడిగితే రోజు చెప్తారు. పరీక్షల కోసమని మాత్రం వాయిదా వేయొద్దు.

పాల సంగతి: పరీక్ష రెండింటికి, ప్రశ్నపత్రం 1.45కి ఇస్తారు, అయిదింటికి అయిపోతుంది. ఒంటిగంటకి ఇచ్చి బయల్దేరితే చాలు, ఈ వయసులో ఆ నాలుగు గంటలు అన్నం, అరటిపండుతో గడిచిపోతాయి. కానీ కావలి నుంచి రోజూ రావద్దు, రైలు లేటయితే టెన్షన్ మీకు. నెల్లూరులో చుట్టాలుంటే పరీక్షలయ్యేదాకా అక్కడే ఉండండి, పాపా అమ్మగారూ కూడా. పేపరుకీ పేపరుకీ మధ్య సాధారణంగా ఒక రోజు గ్యాపే, ఆ రోజు ప్రయాణానికి పోగొట్టుకోవద్దు. ఏఎఫ్ఎం రోజు మీకు పేపర్ లేదు, అంటే ఎఫ్ఆర్‌కీ ఆడిట్‌కీ మధ్య మూడు రోజులు దొరుకుతాయి. ఎథిక్స్ అంతా ఆ రోజులకి పెట్టుకోండి.

పాత_ఆడిటర్_నెల్లూరు

మాక్ టెస్టులు, ఆర్‌టీపీ (రివిజన్ టెస్ట్ పేపర్) రెండూ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. జనవరి ఆర్‌టీపీ ముందు చెయ్యి. ప్రశ్నల్లో 30 శాతం ఎంసీక్యూలు, నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటి కూడా వదలకు. ఎఫ్ఆర్‌లో కన్సాలిడేషన్, ఇండ్ ఏఎస్ (అకౌంటింగ్ ప్రమాణాలు) 109, 115, 116 బాగా వస్తే 45 దాటతావు. లెక్క సగంలో ఆగితే, పేజీ అంచున "ఇక్కడిదాకా, తర్వాత ఎన్‌సీఐ" అని, అంటే తర్వాత చేయాల్సిన స్టెప్పు ఏదో, ఒక లైను రాసి లే. మళ్ళీ మొదటి నుంచి చదవక్కర్లేదు.

ఫైనల్_పోరు

అక్కా, నా దగ్గర ఆడిట్ చార్ట్‌లున్నాయి, ఎస్ఏలన్నీ ఒక్కో పేజీలో, కొత్త సిలబస్‌వే. నాకు ఆ గ్రూప్ అయిపోయింది. పీడీఎఫ్ వద్దంటే ప్రింట్లే ఇస్తా. శనివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు పోతున్నా, కావలి స్టేషన్‌కి మీ ఆయన్ని రమ్మనండి, కిటికీలోంచి ఇచ్చేస్తా. బోగీ నంబర్ మెసేజ్ పెడతా.

కావలి_కోడలు

ప్రింట్లే కావాలి తమ్ముడూ, ఫోన్ పాప చేతిలో ఉంటుంది. శనివారం మా అత్తమ్మా నేనూ వస్తాం స్టేషన్‌కి, పాపకి రైలంటే ఇష్టం.